నడుం జారిన రైలు పెట్టె

కువైట్ దేశంలో తయారైన మొట్టమొదటి ఎక్స్‌ప్రెస్ రైలు పెట్టెను కట్టింది నేనే. అరవై అడుగుల పొడవు, పైనుంచి కిందిదాకా బర్మా టేకు. వందేళ్ల కిందటి దొరలు ఇప్పుడు లేచొచ్చినా, ఇది మన బండే కదా అనుకుని ఎక్కి కూర్చుని కాఫీ తెమ్మంటారు.

ఈ మాట చెప్పి చెప్పి నాకే నమ్మకం కుదిరిపోయింది. కాబట్టి ముందే కొంచెం దించుకుంటాను. పొడవు అరవై కాదు, అందులో సగం. టేకు బయటికి కనపడే చోట మాత్రమే, వెనకాలంతా ప్లైవుడ్డు. మొట్టమొదటిదా అంటే, రైలే లేని దేశంలో రైలు పెట్టె కట్టేవాడు ఇంకొకడు ఎందుకుంటాడు? పోటీ లేని పందెంలో నెగ్గాను. ఇక మిగిలింది "కట్టింది నేనే" అన్న ముక్క. దాని దగ్గరే ఉంది గొడవంతా.

షువైఖ్‌లో ఒక వర్క్‌షాపులో వడ్రంగిని నేను. కోనసీమవాణ్ణి. పగలంతా రంపం పొట్టు, పక్క గ్యారేజీల్లోంచి కాలిన ఆయిలు వాసన, వేసవిలో ముట్టుకుంటే చెయ్యి కాలే రేకుల షెడ్డు. ఆ చోటంటే నాకు అసహ్యం. అక్కడినుంచి పంపేస్తారేమోనని అంతకంటే భయం. అరవై దాటినప్పటినుంచీ మా కఫీల్, అంటే షెడ్డు యజమాని, మేం బాబా అని పిలిచే మనిషి, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాయితం గడువు వచ్చినప్పుడల్లా నా వంక అదోలా చూసేవాడు. "ముసలాడివయ్యావు, ఖలాస్, ఇంటికెళ్లి కూర్చో" అనేవాడు.

ఆ కూర్చోవడమే నాకు పడదు. ఇంటికి వెళితే నన్ను గౌరవిస్తారు. వాకిట్లో కుర్చీ వేస్తారు. ఉలి తీసుకుంటే "మీకెందుకండీ ఈ వయసులో" అని చేతిలోంచి లాక్కుంటారు. సెలవుకి వెళ్లిన ప్రతిసారీ నెల తిరిగేసరికి ఆ గౌరవానికి ఒళ్లంతా తుప్పు పట్టేది. ఇక్కడ కనీసం తిట్టేవాళ్లున్నారు, తిట్టడానికి మనుషులున్నారు, చేతికింద చెక్క ఉంది. నాకు ఆ ఇఖామా కావలసింది ఉలి కోసం.

తిట్టేవాళ్లలో మొదటివాడు మా వెల్డరు. కడప జిల్లా మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. లారీల ట్రెయిలర్లు కట్టి కట్టి చేతులు మొద్దుబారాయి, నోరు మాత్రం మొద్దుబారలేదు. నేను "ఆయ్" అంటే వాడు "ఒయ్" అని వెక్కిరించేవాడు. నేను వాడి కూరలో కారాన్ని వెక్కిరించేవాణ్ణి. ఒకే షెడ్డులో ఏళ్ల తరబడి ఒకరి పని ఒకరికి అడ్డం. వాడి నిప్పురవ్వలు నా పాలిష్ మీద పడేవి, నా పొట్టు వాడి యంత్రంలో దూరేది. ఏదీ పొరపాటున జరిగేది కాదు.

ఒకనాడు ఆ షెడ్డుకి జాబ్రియానుంచి ఒక మామా వచ్చింది; ఇక్కడ యజమానురాళ్లని అలాగే పిలుస్తాం. పెద్దింటి ఆవిడ, వెంట పనిమనిషి. ఆ పనిమనిషి రాయచోటి వైపు అమ్మాయి; అరబ్బీ గడగడలాడించేది, ఆవిడ మాట మాకూ మా మాట ఆవిడకీ తనే చేరవేసేది. మామా ఫోన్ తీసి బొమ్మలు చూపించింది. ఏదో చలిదేశంలో మ్యూజియంలో పెట్టిన పాతకాలపు ఎక్స్‌ప్రెస్ భోజనాల పెట్టె. తేనెరంగు చెక్క, ఇత్తడి పిడులు, నెత్తిమీద ఇంకో చిన్న కప్పు. దజీజ్‌లో తనకొక గోడౌన్ ఉందట, దానిలో అచ్చం ఇలాంటి పెట్టె కట్టి హోటల్ పెడుతుందట.

"ఎవరికొచ్చు?" అన్నాడు బాబా హిందీలో, మా అందరి వంకా చూసి.

 నా ఇఖామా గడువు ఆ చలికాలం దాకానే. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాకొచ్చు బాబా. మా తాత ఎక్స్‌ప్రెస్ పెట్టెలే కట్టాడు. మా నాన్న కట్టాడు. నేను మీసం రాకముందునుంచీ అదే పని. మా తాత చెయ్యి పడని పెట్టె ఆ లైన్లో తిరగలేదంటే నమ్మండి."

పిల్ల అరబ్బీలోకి తిప్పింది. మామా కళ్లు పెద్దవయ్యాయి. మూడు తరాలు, మూడు తరాలు అని వేళ్లు చూపించి బాబాతో ఏదో అంది.

మూల కూర్చుని రాడ్డు మారుస్తున్న వెల్డరు తల ఎత్తకుండా అన్నాడు: "ఇంజన్ను గూడా వాళ్ల తాతే కన్నాడేమో అడుగుమ్మే."

బాబా నన్ను పక్కకి పిలిచాడు. మామాకి నచ్చితే ఇఖామా కొడతాను, నచ్చకపోతే టికెట్ కొడతాను అన్నాడు. ఇనుము పనికి వెల్డరు, చెక్క పనికి నేను, మేస్త్రీ కూడా నేనే. ఆ ఆఖరి మాటకి వెల్డరు ఉమ్మేశాడు.

ఇప్పుడు నిజం. మా తాతకి రైలంటే భయం, దాని కూత వింటే పశువులు పాలివ్వవనేవాడు. మా నాన్న తలుపులూ దర్వాజాలూ చేసేవాడు. నేను మాత్రం రైలు పెట్టెల దగ్గర పనిచేసిన మాట వాస్తవమే. కట్టడానికి కాదు, ఊడదీయడానికి. కుర్రతనంలో ఒక కాంట్రాక్టరు కింద చేరాను. రైల్వేవాళ్లు పనికిరావని పక్కన పెట్టిన పాత చెక్క పెట్టెల్ని వేలంలో పాడుకుని, పలక పలకా విప్పి, టేకుని తలుపుల వ్యాపారులకి అమ్మేవాడు. నేను మేకులూ మరలూ ఊడబీకే జట్టులో ఉండేవాణ్ణి. ఎన్నేళ్లంటారా? ఏళ్లు కాదు, ఒక వేసవి, ఒక వానాకాలం.

కానీ ఒకటుంది. విప్పినవాడికి తెలిసినంత, కట్టినవాడికి కూడా తెలియదు. ఏది ఆఖరున ఊడిందో దాన్ని మొదట పెట్టాలి, అంతే. నేను కళ్లు మూసుకుని ఆ పెట్టెల్ని మళ్లీ విప్పేవాణ్ణి. వెనకనుంచి ముందుకి నడిచేవాణ్ణి.

పైకప్పు మీద మొదట వచ్చేది దళసరి కాన్వాసు గుడ్డ. దాన్ని సఫేదా అనే చిక్కటి తెల్లసీసం రంగులో ముంచినట్టు పరిచి, పైన మళ్లీ రంగు పొరలు వేసేవారు. చాకుతో కోస్తే చెప్పు తోలులా తెగేది. దాని కింద సన్నటి రీపర్లు, రీపర్ల కింద వంచిన చెక్క కమానులు. నడినెత్తిన ఆ రెండో కప్పు ఉందే, అది సోకు కాదు. ఫ్యాన్లు లేని కాలంలో వేడి గాలి, దీపాల పొగ పైకెళ్లడానికి పెట్టిన మేడ. దాని పక్కల చిన్న చిన్న గాజు తలుపులు. కమానులు తీస్తే గోడ గుంజలు, ఒక్కొక్క గుంజకీ కొసన కూసం చెక్కి కింద దూలం బెజ్జంలో దించేవారు. పలకలకి బంక వేసేవారు కాదు. గాడిలో వదులుగా కూర్చోబెట్టి, అతుకు మీద సన్నటి పట్టీ కొట్టేవారు. ఎండకీ వానకీ చెక్క ఒళ్లు విరుచుకుంటుంది, దానికి చోటుండాలి. అంటించేశావంటే నడి మధ్యకి చీలుతుంది. కిటికీ అద్దం గోడలోకి దిగిపోతుంది. దాన్ని పైకి లాగడానికి బెల్టులాంటి తోలు పట్టీ, పట్టీకి బెజ్జాలు, గోడకి ఇత్తడి మొల. ఎంత తెరవాలో చూసుకుని, దానికి తగ్గ బెజ్జాన్ని మొలకి తగిలించుకోవడమే. ఆ తోలు పట్టీల్ని మా జట్టులో వాళ్లు కత్తులు నూరుకోవడానికి ఇంటికి పట్టుకుపోయేవారు. మామూలు బండికి ప్రతి గదికీ ఫ్లాటుఫారం వైపు ఒక తలుపు. ఎక్స్‌ప్రెస్ గంటల తరబడి ఆగదు కనక లోపల నడవా, వంటగది, మరుగుదొడ్డి అన్నీ పెట్టెలోనే.

ఇవన్నీ నేను చెబుతుంటే ఆ పిల్ల అరబ్బీలో చెప్పేది, మామా ఫోనులో బొమ్మతో సరిచూసుకునేది, సరిపోయేది. దానితో నాకు పొగరెక్కింది. వెల్డరుని కూలికుర్రాణ్ణి పిలిచినట్టు పిలిచి పనులు చెప్పేవాణ్ణి.

అసలు తగువు అడుగు చట్రం దగ్గర వచ్చింది. పెట్టె మొత్తం బరువు మోసేది ఆ ఇనప చట్రమే: పొడుగునా రెండు దూలాలు, మధ్యలో అడ్డాలు, రెండు కొసలా కింద చక్రాల బళ్లు. దజీజ్ గోడౌన్‌లో నేల మీద చట్రం పరిచి వెల్డరు అన్నాడు:

"నడుమ రెండు వేళ్లంత పైకెత్తి కట్టాల మేస్త్రీ."

"ఎందుకూ, ఒంటె వీపులా ఉండటానికా?"

"బరువు పడితే కుంగి సమానంగా వస్తాది. ట్రెయిలర్లకి అట్లనే జేస్తాం. పొడుగు ఇనుము యాడైనా అంతే."

"ఇది మీ ఊరి గొర్రెల లారీ కాదయ్యా. ఎక్స్‌ప్రెస్ పెట్టె. మా తాత పట్టే నూలు తాడు మీద చీమ నడిచినా ఒంకర పోయేది కాదు. బల్లపరుపుగా పెట్టు."

"మీ తాత పైన చెక్క సంగతి జెప్పినాడా, కింద ఇనుము సంగతి జెప్పినాడా?"

"నేను చెబుతున్నాను. మేస్త్రీని."

 వాడు మట్టం తీసుకుని, ఒక వెంట్రుక కూడా తేడా లేకుండా బల్లపరుపుగా కట్టాడు. అంత కోపంగా అంత చక్కటి పని చేసినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

నేను అలా ఎందుకన్నానో ఇప్పుడు చెప్పుకోవాలి. మేం విప్పిన పెట్టెలేవీ చక్రాల మీద లేవు. ఇనుముకి విలువెక్కువ కనక రైల్వేవాళ్లు ముందే చట్రమూ చక్రాలూ లాగేసుకుని, చెక్క ఒంటిని మాత్రం కాళ్లు తీసిన మేకలా నేల మీద కూలేసేవారు. అడుగు చట్రం ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. నేను చూసిన పెట్టెలన్నీ బల్లపరుపు నేల మీద బల్లపరుపుగా పడి ఉన్నవే. ఊడబీకినవాడికి తప్ప ఇంకెవడికీ ఈ తప్పు రాదు. తెలియదని చెప్పొచ్చుగా అంటారా? కడపవాడి ముందా!

పెట్టె ఒళ్లు లేచింది. గుంజలు, కమానులు, మేడ, కాన్వాసు. బరువు మోసే ఇనప దిమ్మెలు రెండు కొసలా మాత్రమే; వాటికి వెల్డరు రేకు కోసి చక్రాలు తొడిగాడు. చిత్రిక పట్టి, పాలిష్ మీద పాలిష్ ఎక్కించాక, ఆ దిక్కుమాలిన గోడౌన్‌లో, సిమెంటు బస్తాల దుమ్ములో, నిజంగానే ఒక బండి వచ్చి ఆగినట్టుంది.  

అప్పుడు మామాకి ఒక ఆలోచన వచ్చింది. పెట్టె మధ్యలో కాఫీ గట్టు కావాలి, అది పాలరాతిది కావాలి. రాయి వచ్చింది. ఎనిమిదిమంది కలిసి లోపలికి మోశారు. కాఫీ యంత్రం వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది. అన్నీ నడి మధ్యలోనే.

రాయి దించిన మర్నాడు నడిమి తలుపు బిగిసింది. కొంచెం చిత్రిక పట్టాను, తెరుచుకుంది. మళ్లీ మర్నాడు బిగిసింది. మళ్లీ పట్టాను. మూడోసారికి తలుపు పైన ఇరుక్కుంటూనే ఉంది, పక్కన మాత్రం వేలు దూరే సందు వచ్చింది. కిటికీ అద్దాలు గోడలోకి దిగనంటున్నాయి. దారం లాగి చూస్తే పెట్టె నడుము జారింది. ఎక్కువ కాదు, చూసేవాళ్లకి తెలియనంత. తలుపుకి మాత్రం తెలుస్తోంది.

ఆ మధ్యాహ్నమే పిల్ల ఫోన్ చేసింది. "పెద్దాయనా, రేపు పగలు మామా వాళ్ల చెల్లెళ్లను తోలుకోని వస్తాంది. నీ గురించే జెప్తాంది అందరికీ. మంచి చొక్కా యేసుకో."

చొక్కా ఉంది. తలుపే లేదు. నా ఇఖామా ఆ తలుపులో ఇరుక్కుని ఉంది.

వెల్డరు రంగు డబ్బా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను చిత్రిక పట్టడం మొదటిసారినుంచీ చూస్తూనే ఉన్నాడు.  ఇప్పుడన్నాడు:

"చెక్క బిగిస్తే చిత్రిక పడతావు. ఇనుము కుంగితే ఏం పడతావు మేస్త్రీ?"

"కాళ్లు పట్టుకోమంటావా?"

"నీ చేతులు నాకెందుకు. ఊరికే ఉంటే కుంగతానే ఉంటాది, నాకేమి."

"నీ చేతిలో ఏమైనా ఉందా, లేక ఊరికే పుండు మీద కారమా?"

వాడు డబ్బా మీదనుంచి లేచి, వంగి, పెట్టె కిందికి చెయ్యి చూపించాడు. ఆ ఫోన్ బొమ్మల్లో పెట్టె కడుపు కింద రెండు పొడుగాటి కడ్డీలుంటాయి, కొసనుంచి కొసకి, మధ్యలో రెండు పొట్టి కాళ్ల మీదుగా, తిరగేసిన విల్లు తాడులా. అవి సోకుకేలే, పైపు ముక్కలు తగిలించు అని నేను చెప్పాను. వీడు పైపు పెట్టలేదు. గట్టి కడ్డీలే పెట్టి, మధ్యలో బిగించే మరలు కూడా పెట్టాడు.

"ఉత్తుత్తి ఇనుము మా ఇంటా వంటా లేదు," అన్నాడు. "ఆ మర తిప్పితే తాడు బిగిసి నడుము లేస్తాది. ఆ కాలమోళ్లు అందుకే పెట్టినారు. నీకు తెల్దు."

తెలియదు. ఆ కడ్డీలు కూడా చట్రంతోపాటు ముందే పోయేవి. వాడికీ ఎవరూ చెప్పలేదు, బొమ్మ చూసి కనిపెట్టాడు. నాకు చచ్చేంత కుళ్లు పుట్టింది.

"అయితే తిప్పు."

"తిప్పుతా. రేపు మామా ముందర నిజం జెప్పు."

"ఏ నిజం?"

"నువ్వు కట్టినోడివి కాదు, పీకినోడివి. ఆ చెక్కలు ఎట్ల ఊడతాయో జెప్తావు గానీ ఎట్ల కూసుంటాయో జెప్పేటప్పుడు నసుగుతావు. నేను చూడలేదనుకుంటివా?"

దొరికిపోయాను. అయినా నేను గోదావరి నీళ్లు తాగినవాణ్ణి. మనసులో అనుకున్నాను: ముందు వీడిచేత బిగించుకుందాం, రేపటి మాట రేపు. పైకి దిగాలు మొహం పెట్టి సరేనన్నాను.

వాడు రెంచి పట్టుకుని కిందికి దూరాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఈ కడ్డీకి అర తిప్పు, ఆ కడ్డీకి అర తిప్పు. చెక్క ఒళ్లంతా కిర్రుమంది. "ఇంకా?" అని కిందనుంచి, "ఇంకొంచెం" అని పైనుంచి. ఉన్నట్టుండి నా చేతిలో తలుపు తేలికైంది. నెట్టకుండానే తెరుచుకుంది. నేను చిత్రిక పట్టి పాడుచేసిన సందు మాత్రం మిగిలింది. దానికొక పట్టీ కొట్టి రంగు పూశాను.

బయటికి వచ్చి వాడు అన్నాడు: "మర బిగించినా గానీ, వదులవకుండా పట్టే నట్టు ఎయ్యలా. రేపు మామా వచ్చినప్పుడు నేను కిందనే ఉంటా, రెంచి పట్టుకోని. నువ్వు తాత అంటే కడ్డీ మీద ఒక దెబ్బ కొడతా. మళ్లీ తాత అంటే మర తిప్పుతా. అందురూ లోపల ఉండంగా తలుపు బిగిస్తాది. మీ తాత వచ్చి తీస్తాడు."

మర్నాడు మామా వచ్చింది. ముగ్గురు చెల్లెళ్లు, అత్తరు వాసన, వెనకాల మా బాబా, పక్కన మా పిల్ల. తలుపు తెరిచి పట్టుకున్నాను. ఎక్కారు. తోలు పట్టీ లాగి అద్దం దించి చూసి నవ్వారు, పాలరాయి నిమిరారు, పైన మేడలోంచి పడుతున్న వెలుతురు వంక తలలెత్తి చూశారు. మామా చెయ్యి ఊపింది.

"మీ తాత కత జెప్పమంటాంది పెద్దాయనా," అంది పిల్ల.

నేను గొంతు సవరించుకున్నాను. "మా తాత—"

పాదాల కిందనుంచి ఠంగుమంది.

చెల్లెళ్లు ఉలిక్కిపడి, రైలు చప్పుడనుకుని చప్పట్లు కొట్టారు. నేను బాబా మొహం చూశాను. మామా మొహం చూశాను. తలుపు ఇంకా తెరిచే ఉంది, అంచు సన్నగా వణుకుతోంది. వాడు తిప్పుతాడు. నాకు తెలుసు. వాడు నాలాంటివాడు కాదు, అన్నది చేస్తాడు.

"మా తాత రైలు కట్టలేదమ్మా," అన్నాను. "చెప్పు మామాకి. మా నాన్నా కట్టలేదు. నేను పాత పెట్టెలు విప్పే కూలివాణ్ణి. విప్పిందాన్ని వెనక్కి కట్టాను. అడుగు చట్రం నాకు తెలియదు. నడుము కుంగితే నిలబెట్టింది కింద ఉన్నవాడు."

పిల్ల నా వంక చూసి, మొహమంతా సంబరంతో అరబ్బీ అందుకుంది. నేను నాలుగు ముక్కలు చెబితే తను పది చెప్పింది. 'తాత' అనే చోట చేతులు కూడా తిప్పింది. చెల్లెళ్లు నవ్వు ఆపుకోలేక ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. బాబా తల పట్టుకున్నాడు. మామా నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, కత్తితో గీసినట్టు ఏదో అంది.

"ఏమంటోంది?"

"మూడు తరాలని నేను ఊరంతా జెప్పుకున్నా. ఇప్పుడు కాదంటే అబద్ధాలకోరును నేనయితా గాని నువ్వు కాదు అంటాంది. నువ్వు యాడికీ పోగూడదంట. ఈ పెట్టెలోనే ఉండి, వచ్చినోళ్లకందరికీ ఆ తాత కతే జెప్పాలంట. ఇఖామా తనే యేసుకుంటాదంట."

"మరి పని? ఉలి?"

పిల్ల అడిగింది. మామా కిందికి వంగి, నూనె మరకలతో పాక్కుంటూ బయటికొస్తున్న వెల్డరుని వేలితో చూపించింది. రెండో పెట్టె కూడా కట్టిస్తాను, దానికి వాడే మేస్త్రీ అంది. నన్ను చూసి, పెద్దవాడు, కష్టపెట్టకండి, కుర్చీ వెయ్యండి అంది.

అలా నాకు ఇఖామా వచ్చింది. ఇత్తడి గుండీల కోటు, నెత్తిన టోపీ, తలుపు పక్కన వెల్వెట్ కుర్చీ. పక్క గోడౌన్‌లోంచి రంపం చప్పుడు వినిపిస్తుంటుంది. రెండో పెట్టెకి చెక్క ఎలా కోస్తున్నారో చూద్దామని వెళితే, "నీకెందుకు పెద్దాయనా, గమ్మున కూసో" అని వాడే వెనక్కి తరిమాడు. ఆ చట్రం నడుము రెండు వేళ్లు పైకెత్తి ఉంది. ఎత్తి ఉందని నాకు కనపడేటట్టు, గుమ్మం ఎదురుగానే పెట్టాడు.

సరదాకి చెప్పినన్నాళ్లూ అబద్ధం ఎంత తియ్యగా ఉండేదో! అదే డ్యూటీగా మారాక చప్పబడిపోయింది. తాత వైస్రాయికి సొంత పెట్టె చేశాడని హిందీ, ముక్కల అరబ్బీ కలిపి చెబుతాను, జనం ఫోన్లు పట్టుకుంటారు, నాకు ఆవలింతలు. ఎప్పుడైనా విసుగెత్తి "మేం విప్పేవాళ్లమండీ" అని నిజం చెబితే, ముసలాయన ఎంత వినయమో అని ముచ్చటపడి పోతారు.

ఒక్క సుఖం మాత్రం మిగిలింది. ఆ రోజు ఠంగుమన్న చప్పుడు చెల్లెళ్లకి నచ్చిందని చెప్పాను కదా. మామాకీ నచ్చింది. తాత కథ వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు రావాలంది. ఇంకెవడైనా కొడితే మర వదులవుతుందని వెల్డరు వాదించాడు, అయితే నువ్వే కొట్టు అంది. సాయంత్రం పని దిగాక వాడు ఒళ్లు కడుక్కోకుండానే వచ్చి, పెట్టె అడుగున, సరిగ్గా నా కుర్చీ కిందికి వచ్చేచోట వెల్లకిలా పడుకుని, రెంచి గుండెల మీద పెట్టుకుని ఎదురుచూడాలి. నేను తాత అన్నాక ఒక దెబ్బ, వైస్రాయి అన్నాక ఒక దెబ్బ. రెండూ కొడితేనే వాడికి సెలవు.

నిన్న ఒక పెద్ద కుటుంబం వచ్చింది. నేను కాన్వాసు దగ్గర మొదలుపెట్టాను. సఫేదా ఎలా నూరేవారో చెప్పాను. రీపర్లు చెప్పాను. కూసాల గురించి, పలకకి బంక ఎందుకు వెయ్యకూడదో, తోలు పట్టీకి బెజ్జాలు ఎందుకో, నిదానంగా, అన్నీ నిజాలే. ఎక్కడా తాత లేడు.

"యల్లా, కానియ్ మేస్త్రీ," అని నేలలోంచి పళ్లు కొరుకుతున్న గొంతు వచ్చింది. "తాతను పిల్చు. నడుము పోతాంది నాకు."

"వస్తున్నాడయ్యా," అన్నాను తెలుగులో, వచ్చినవాళ్లకేసి నవ్వుతూ. వాళ్లలో ఒకాయన ఆ కిటికీ మొల ఇత్తడిదేనా అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అన్నాను. కుర్చీలో వెనక్కి జారగిలబడి, ఇత్తడి సంగతి ఎత్తుకున్నాను.